తడి బూడిద తూకం

పారేయాల్సిన చెత్తకు నీళ్ళు పోసి మరీ అమ్మజూసిన తెలివి నంద్యాల బజారు మొత్తంలో నా ఒక్కదానిదే. మా వీధిలో మిరపకాయల మీద నీళ్ళు చిలకరించినవాళ్ళున్నారు, బెల్లం దిమ్మల కింద తడి గోనె పరిచినవాళ్ళున్నారు. మా నాయన ఆ రెండూ చేశాడు. బూడిదను తడిపి కాటాకెక్కించాలన్న ఆలోచన మాత్రం ఆయనకు కూడా రాలేదు.

మాది సిల్వరు బోకుల అంగడి. సిల్వరు అంటాం గానీ అది అల్యూమినియం. చొట్టపోయిన బిందెలు, పాత గిన్నెలు, ఇంట్లో వాడే ఏ బోకులైనా కిలోల లెక్కన కొని, ఆళ్లగడ్డ దారిలో ఉన్న మా బట్టీలో కరిగించి దిమ్మలు పోస్తాం. కరిగిన లోహం మీద తెట్టు కడుతుంది. పొడవాటి గరిటెతో దాన్ని తీసి పక్కన పోస్తే ఆరి బూడిద అవుతుంది. అందులో కాస్త లోహం మిగిలి ఉంటుంది, కాస్త ప్రమాదం కూడా. దాన్ని రేకుల కింద పొడిగా ఉంచాలని, నీళ్ళు తగలనివ్వకూడదని, అనుమతి ఉన్నవాళ్ళకే అప్పగించాలని కాలుష్యం ఆఫీసరు వచ్చి చెప్పి సంతకం పెట్టించుకుని పోయాడు. ఆ అనుమతి ఉన్న లారీ అతను బూడిద తీసుకుపోవడానికి నన్నే ఆరువేలు అడిగాడు. చెత్తా ఇచ్చి డబ్బూ ఇవ్వడమా? మా వంశంలో అంత అవమానం ఎవరూ పడలేదు. పంపించేశాను.

తర్వాత ఆళ్లగడ్డ నుంచి ఒక బ్రోకరు వచ్చాడు. బూడిదలో మిగిలిన లోహం ఏరుకుంటాడట. కిలోకు తొమ్మిది రూపాయలు, కాగితాల గొడవ లేదు. ఏరుకోగా మిగిలిన పొడి ఏ వాగు ఒడ్డున కుమ్మరిస్తాడో నేను అడగలేదు.

నలభై సంచులు ఉన్నాయి. సంచికి అయిదు లీటర్లు తాగిస్తే రెండు వందల కిలోలు ఊరికే వస్తాయి. నాయన కాలం నుంచి మా దగ్గర హమాలీగా ఉన్న చాచాకు పొద్దున్నే డ్రమ్ము నీళ్ళు చూపించాను. బ్రోకరు కంటపడే ముందు వరసకని పది సంచులు పొడిగా వదిలేసి మిగతావాటికే ఆ నీళ్ళన్నీ పట్టించమన్నాను.

"వద్దమ్మా" అన్నాడు. "మొన్న జల్లు పడిన సంచి చూడలేదా? యేడెక్కి ఒకటే ఘాటు. రెండు దినాలు నా కండ్లు మండినాయి."

"ఇంట్లో ఉల్లిగడ్డలు కోసినావేమో చాచా."

"నగొద్దమ్మా. దానికీ నీళ్ళకూ పడదు."

"నీకూ నాకూ పడతాది కదా, చాలు. తడుపు."

చాచా నవ్వి తడిపాడు. నేను షెడ్డు ముందు తలుపుకు తాళం వేయించి, వెనక తలుపు మూయించాను.

మధ్యాహ్నం బ్రోకరు లారీతో వచ్చాడు. "చాచా, వెనక తలుపులోంచి పోయి పొడి సంచులు ముందుకు లాగు" అన్నాను. తలుపు తీయగానే మూత్రశాల కంపు లాంటి ఘాటు మా ఇద్దరి మొహాన కొట్టింది. ఆయన తువ్వాలు ముక్కుకు చుట్టుకుని లోపలికి పోయాడు. ఆ ఘాటు బ్రోకరు దాకా పోకూడదని నేను తలుపు దగ్గరికి లాగి బయట గొళ్ళెం పెట్టాను.

ముందువైపు కాటా దగ్గర బేరం మొదలైంది.

"ఏందక్కా, బూడిదకు తొమ్మిదా? ఎనిమిది చేసుకో."

"నిన్న తొమ్మిదన్న నోరు నీదేనా అప్పా, బాడుగకు తెచ్చుకున్నావా?"

లోపల దగ్గు వినిపించింది.

"ఎవురో దగ్గుతాండారే?"

"మా చాచా. టీ దుడ్లు కావాల్నంటే అట్లనే దగ్గుతాడు."

బ్రోకరు నవ్వాడు. నేనూ నవ్వాను. కాసేపటికి వెనక తలుపు మీద దబదబా చప్పుడైంది. సంచులు పడుతున్నాయనుకున్నానని ఇన్నాళ్ళూ అందరికీ చెబుతూ వచ్చాను. అబద్ధం. అది చెయ్యి అని నాకు తెలిసింది. అప్పటికి బ్రోకరు ఎనిమిదిన్నర దగ్గర ఉన్నాడు. తొమ్మిది అనిపించుకున్నాకే కదిలాను.

గొళ్ళెం తీస్తే చాచా మోకాళ్ళ మీద బయటికి వచ్చాడు. కళ్ళు తెరవలేకపోతున్నాడు. కడుగుదామంటే డ్రమ్ములో చుక్క లేదు. లారీ డ్రైవరు తాను తాగే సీసాలోని నీళ్ళు ఆయన కళ్ళ మీద పోశాడు. బ్రోకరు షెడ్డులోకి తొంగి చూసి, ముక్కు మూసుకుని, "మాకే గురువువి గదక్కా!" అని లారీ తిప్పించుకుని పోయాడు.

ఆటోలో నంద్యాల తీసుకెళ్ళాను. అక్కడికక్కడే ధారగా నీళ్ళు పోసి కడిగి ఉంటే బాగుండేదన్నాడు డాక్టరు. కుడి కన్ను పోయింది. ఎడమ కంటికి మనిషి ఉన్నాడని తెలుస్తుంది, ఎవరో తెలియదు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. మళ్ళీ మూట ఎత్తే పని లేదన్నమాట.

ఆసుపత్రి వరండాలో చాచా భార్య, మా చాచీ, మూడు లక్షలు అడిగింది. నేను బేరమాడాను.

"ఆ కంట్లో ముందే శుక్లం ఉండె కదా చాచీ."

"శుక్లమున్నా నా మొగం కనపడతాండె గదమ్మా ఆయనకు."

"లక్షా పది. ఈ పూటే ఇస్తా."

మందుల చీటీ ఆమె చేతిలోనే ఉంది. ఈ పూటే అన్న మాట ఎదుటివాళ్ళ మీద ఎప్పుడు వాడాలో నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. ఒప్పుకుంది. పైగా దండం పెట్టింది.

ఇప్పుడు బట్టీలో బూడిద ఎత్తు గచ్చు మీద, నాలుగు వైపులా గాలాడే షెడ్డులో పొడిగా ఉంటుంది. ప్రతి సంచికీ చీటీ, ప్రతి లోడుకూ రిజిస్టరు. అనుమతి ఉన్న లారీయే వస్తుంది. అది చేరే ఫ్యాక్టరీలో లోహం తీసుకుని, మిగిలిన పొడిని శుద్ధి చేసి సిమెంటు ఫ్యాక్టరీకి పంపుతారట. మొన్న తనిఖీకి వచ్చిన ఆఫీసరు చుట్టుపక్కల ఇంత పద్ధతిగా ఎవరూ లేరని మెచ్చుకున్నాడు. టీ ఇప్పించాను.

ఇక చివరి బిల్లు. నీళ్ళ తూకం మీద రావాల్సింది పద్దెనిమిది వందలు, వచ్చింది సున్నా. ఆసుపత్రికి నలభై రెండు వేలు. మొదట ఆరువేలకే బూడిద తీసుకుపోతానన్న లారీ అతను తడి సంచులు చూసి పద్దెనిమిది వేలు అడిగాడు, నోరెత్తకుండా ఇచ్చాను. చాచీకి లక్షా పది. చాలాకాలం ఇక్కడే గీత గీసి కూడేదాన్ని. గీత కింద ఇంకొకటి ఉంది. ఆమె అడిగినదానికీ నేనిచ్చినదానికీ మధ్య లక్షా తొంభై వేలు. దాన్ని నేను బేరంలో మిగిలిందని రాసుకున్నాను. అది నేను చాచాకు బాకీ. ఇవాళ్టికీ కట్టలేదు.