చేప నెత్తుటిలో ఊదా చుక్క

శీలావతి చేప మొప్ప ఎత్తగానే పచ్చి నెత్తురు వాసన ముక్కుకు తగులుతుంది. ఇన్నేళ్లయినా ఆ వాసనకి నాకు పులుసు కన్నా ముందు సుభద్ర గారే గుర్తొస్తారు. ఎనభైల్లో నూజివీడులో ఒక కాలేజీలో ఆవిడ జువాలజీ లెక్చరరు, నేను ఆవిడ ల్యాబులో అసిస్టెంటుని. అంతకుముందు రెండేళ్లు ఒక ఆసుపత్రిలో మనుషుల రక్తపరీక్షలు చేసి వచ్చానేమో, మైక్రోస్కోపు ముందు నాకెవరూ చెప్పక్కర్లేదన్న పొగరు ఉండేది. నెత్తురు చూడటం నాకు కొట్టిన పిండి అని పైకి అనేదాన్ని కూడా.

ఒక మామిడికాయల సీజనులో, సుభద్ర గారు క్లాసులో ఉండగా, ఉంగుటూరు నుంచి నాగమ్మ అనే ఆమె బిందెలో చేపని వేసుకుని వచ్చింది. ఆమే, మొగుడూ పొలం కూలికి పోయేవాళ్లు. ఆ ఏడే ధైర్యం చేసి చేపల చెరువు ఒకటి కౌలుకి తీసుకున్నారు. చేపలు నీటి పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయని చెప్పింది. మేడమ్ వచ్చేదాకా ఆగమనాల్సింది. నేను ఆగలేదు. ఒక చుక్క నెత్తురు గాజుపలక మీద పరిచి, రంగు వేసి చూశాను. ప్రతి ఎర్రకణం నడుమా ఒక ఊదా చుక్క! మనిషి ఎర్రకణంలో అలాంటిది ఉండదు.

"నెత్తురంతా రోగం పాకిందమ్మా. వైరస్ అయ్యుంటుంది. దానికి మందు లేదు," అన్నాను.

"మరి మిగతా చేపలండీ?"

"చెరువు ఖాళీ చేసి, అన్నిటినీ పూడ్చిపెట్టాల్సిందే."

నాగమ్మ ఏడవలేదు. "సాయంత్రానికే గండి కొట్టేస్తామండీ," అని బిందె తీసుకుని వెళ్లిపోయింది.

పావుగంటకి సుభద్ర గారు వచ్చారు. ఒకామె జబ్బు చేపని తెచ్చిందని చెప్పగానే మైక్రోస్కోపులోకి చూశారు. "ఇది రోగం కాదు రత్నా, న్యూక్లియస్. చేపకీ, కోడికీ, కప్పకీ ఎర్రకణంలో ఉంటుంది. మనకీ, పాలిచ్చే జంతువులకీ ఉండదు. ఆవిడేదీ?" అన్నారు. జరిగింది చెప్పాను. తిట్టలేదు. చెప్పులు వేసుకుంటూ "పద" అన్నారంతే. రిక్షా ఎక్కి బస్టాండుకి బయల్దేరాం. బస్సు వెళ్లిపోయి ఉంటే ఆ మొగుడూపెళ్లాల కష్టమంతా నా ఒక్క మాటకి మట్టిలో కలిసిపోతుంది.

మామిడి గంపలు టాపు మీదికి ఎక్కించడం పూర్తికాక బస్సు ఇంకా అక్కడే ఉంది. కిటికీ పక్కన నాగమ్మ కనిపించింది. "నువ్వే చెప్పు," అన్నారు సుభద్ర గారు. అంతమంది ముందు, "పొరపాటు పడ్డానమ్మా. నెత్తుట్లో రోగం లేదు," అన్నాను. అప్పుడు సుభద్ర గారు, నేను మొదట అడగాల్సిన ప్రశ్న అడిగారు.

"ఏ వేళప్పుడు నోళ్లు తెరుస్తున్నాయమ్మా?"

"తెల్లారగట్లండీ. ఎండెక్కితే కిందికి పోతాయి."

"అయితే నీళ్లలో గాలి చాలట్లేదు. చెరువులో ఎరువుగా పేడ వెయ్యడం ఆపి, ఇంజనుతో కొత్త నీళ్లు పెట్టించు."

నాగమ్మ అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను. "పోన్లెండి, పరిగెత్తుకొచ్చి చెప్పారు," అని ఆమే నన్ను ఓదార్చింది. వారం తర్వాత చేపలు బాగున్నాయని కబురొచ్చాకే నాకు అన్నం సయించింది.

ఆ రోజు తిరిగొస్తూ దారిలో, "మనకి లేనిది చేపకెందుకండీ?" అని అడిగాను.

"తెలీదమ్మా," అన్నారు సుభద్ర గారు, ఏమాత్రం తడుముకోకుండా. "ప్రాణవాయువు మొయ్యడానికైతే అది అక్కర్లేదు. ఇంకేదో పని ఉండాలి. ఏమిటో నాకు తెలీదు."

అంత చదివిన మనిషి ఆ మాట అంత తేలిగ్గా అనడం నేనెప్పుడూ వినలేదు.

ఈమధ్యే చదివాను. చేపల ఎర్రకణాలు వైరస్ వచ్చిందని పసిగట్టి, దాన్ని అడ్డుకునే ప్రోటీన్లు తయారుచేస్తాయట. వాటిని తయారుచేసే వివరమంతా ఆ ఊదా చుక్కలోనే ఉంటుందట. అంటే ఆ రోజు దొంగ దొరికాడనుకుని నేను కాపలావాణ్ణి పట్టుకున్నాను! ఒక్కదాన్నే పడీ పడీ నవ్వాను. ఈ సంగతి వినడానికి సుభద్ర గారు లేరు. ఆవిడ పోయి చాలా ఏళ్లయింది.

కాలేజీ వదిలాక మళ్లీ ఆసుపత్రి ల్యాబులోనే రిటైరయ్యేదాకా పనిచేశాను. రిపోర్టు చేతికివ్వకముందే నా ముఖం చదవాలని చూసేవాళ్లు జనం. తెలిసింది చెప్పేదాన్ని, తెలియనప్పుడు తెలియదనేదాన్ని. ఆ మాటకి మనుషులు కుంగిపోతారేమోనని మొదట్లో భయపడ్డాను. ఒకసారి ఒక తల్లి, బిడ్డని భుజానేసుకుని, పెద్ద జబ్బేనా అని అడిగింది. నేను తెలియదనగానే అక్కడే బల్ల మీద కూర్చుని గట్టిగా ఊపిరి వదిలింది.

"అయితే ఇంకా ఏదీ ఖాయం కాలేదన్నమాట," అంది.