నాలుగో నంబరు గొంతు

మా వీధి చెన్నబసప్ప ఎవరింటి తలుపు తట్టినా, లోపలి నుంచి "ఎవరు?" అని అడిగితే "నేనే" అనేవాడు. అందులో వింతేమీ లేదు, జహీరాబాద్‌లో మేమందరం అలాగే అంటాం. పేరు చెప్పి లోపలికి పోవాల్సి వస్తే అది పరాయి ఇల్లని లెక్క. మనిషి బక్కపలచన, గొంతు మాత్రం బండరాయి దొర్లినట్టుండేది. డెబ్బైలలో నందీశ్వర చక్కెర మిల్లులో అతనికి ఉద్యోగం తెచ్చిపెట్టిందీ ఆ గొంతే. తూకం దగ్గర నిలబడి బండ్ల వరుస పిలవడం అతని పని. అతను పిలిస్తే చివరి బండి ఎద్దులు కూడా లేచి నిలబడతాయని రైతులు నవ్వుకునేవారు.

ఎనభైలలో మిల్లుకు వైర్‌లెస్ సెట్లు వచ్చాయి. కోహీర్, మొగుడంపల్లి, రాయికోడ్ చెరకు ఆఫీసుల్లో తలా ఒకటి పెట్టారు. రాయికోడ్ సెట్టు దగ్గర చెన్నబసప్పను కూర్చోబెట్టారు. ఏ ఊళ్లో చెరకు కోతకొచ్చింది, లారీలు ఎక్కడికి పంపాలి, అన్నీ అక్కడి నుంచి మిల్లుకు చెప్పాలి. భర్త గొంతు గాలిలో పోతుందని తెలిసి బస్వమ్మ అతనికి దిష్టి తీసింది.

మిల్లులో ఆ మాటలు వినేవాడు మదన్‌మోహన్. చెన్నబసప్పతో ఏళ్ల తరబడి ఒకే డబ్బాలో జొన్నరొట్టె తిన్నవాడు. "ఎవరు మాట్లాడేది?" అంటే మూడు ఊళ్ల నుంచీ ఒకటే జవాబు, "నేనే". అతనికి గొంతులు తెలుసు కాబట్టి పని సాఫీగా నడిచింది. కొత్తగా వచ్చిన మేనేజరుకు మాత్రం ఈ "నేనే" వింటే ఒళ్లు మండేది. ఆయన ప్రతి సెట్టులో ఒక నంబరు బిళ్ల పెట్టించాడు. బటన్ నొక్కగానే మిల్లులో ఆ నంబరు దీపం వెలుగుతుంది. మిల్లుది ఒకటి, రాయికోడ్‌ది నాలుగు. ఇక పేరు అడగనక్కర్లేదు, గొంతు గుర్తుపట్టనక్కర్లేదు. దీపం వెలిగితే మనిషి మాట్లాడినట్టే. గుడ్డి నమ్మకానికి కరెంటు పెట్టారు, అంతే.

ఆ ఏడు కోతల నడుమ చెన్నబసప్ప సెట్టు చెడిపోయి మిల్లు షెడ్డుకు చేరింది. అదే సమయానికి కోహీర్‌లో ఉండే చెరకు ఇన్‌స్పెక్టర్ జగన్‌మోహన్ సెట్టులో బిళ్ల కాలిపోయింది. మరమ్మతు చేసే ప్రకాశం, చెన్నబసప్ప కళ్లముందే నాలుగో నంబరు బిళ్ల ఊడదీసి ఇన్‌స్పెక్టర్ సెట్టులో బిగించాడు. తన నంబరు ఎత్తుకుపోతున్నారని చెన్నబసప్ప వేళాకోళమాడాడు కూడా. రాయికోడ్‌లో చెరకు కొట్టి పెట్టామని, లారీలు తప్పక పంపమని మదన్‌మోహన్‌కు నోటితో చెప్పి బస్సెక్కాడు.

తెల్లారి మిల్లులో నాలుగో దీపం వెలిగింది. రాయికోడ్‌లో కోత ఇంకా మొదలు కాలేదని, లారీలు కోహీర్‌కు మళ్లించమని మాట వచ్చింది. లారీలు వెళ్లి ఇన్‌స్పెక్టర్ బావమరిది పొలంలో ఆగాయి. రాయికోడ్‌లో కొట్టిన చెరకు దారి పక్కన ఎండకు ఎండింది. ఎండిన చెరకుకు తూకమూ లేదు, రసమూ లేదు. నారమ్మ అనే ముసలి రైతు ఒక ఎండు గడ తెచ్చి చెన్నబసప్ప గడపలో పడేసి వెళ్లిపోయింది. అతని మాట నమ్మి చెరకు కొట్టించింది ఆమె.

మేనేజరు విచారణ పెట్టాడు. బిళ్ల తాను మార్చలేదని, సెట్టు ముందురోజే రాయికోడ్ పంపానని ప్రకాశం చెప్పాడు. అతనికి ఆ ఉద్యోగం ఇప్పించింది ఇన్‌స్పెక్టరే. మేనేజరు తలెత్తి, నాలుగో నంబరు ఎవరని అడిగాడు.

"నేనే సార్," అన్నాడు చెన్నబసప్ప, తలుపు తట్టిన అలవాటున.

ఇంకేం కావాలి, నేరం ఒప్పుకున్నట్టే రాసుకున్నారు. చెన్నబసప్ప మదన్‌మోహన్ వైపు తిరిగాడు.

"నంబర్ నాదే, మాట నాది గాదు. నా గొంతు నీకెర్క లేదా? జర చెప్పు."

మదన్‌మోహన్ నేల చూశాడు. "నాలుగు ఎలిగింది సార్. నాకు గంతే ఎర్క."

అతనికీ ఉద్యోగం కావాలి, నాకు తెలుసు. తెలిసినా నేను క్షమించలేదు. చెన్నబసప్పను తీసేశారు. ఇన్‌స్పెక్టర్‌కు ప్రమోషన్ వచ్చింది, రాకేం చేస్తుంది!

తర్వాత అతను ఓ ఆలుగడ్డల గోదాముకు కాపలా ఉన్నాడు. అంతటి గొంతు ఉన్నవాడు మాట్లాడటమే మానేశాడు. ఇంటికొచ్చి తలుపు తట్టేవాడు, లోపలి నుంచి బస్వమ్మ ఎవరని అడిగితే దగ్గేవాడు. దగ్గుతో కాపురం చేస్తున్నానని ఆమె మా అమ్మ దగ్గర నవ్వబోయి ఏడ్చింది.

కొన్నేళ్లకు ఒక వానాకాలం సాయంత్రం నేను వాళ్లింట్లో కూర్చుని ఉండగా ఎవరో తలుపు తట్టారు. బస్వమ్మ అడిగింది ఎవరని.

"నేనే," అంది బయటి గొంతు.

మదన్‌మోహన్. ముగ్గురికీ తెలిసింది. కొడుకు పెళ్లికి ఊరంతా పిలుస్తున్నాడని అప్పటికే విన్నాం. బస్వమ్మ గొళ్లెం తీయబోయింది. చెన్నబసప్ప చేయి అడ్డం పెట్టాడు. తూకం దగ్గర బండ్లను పిలిచిన ఆ పాత గొంతు అన్నేళ్ల తర్వాత మళ్లీ విన్నాను.

"నంబర్ చెప్పు," అన్నాడు.

వానలో చెప్పులు మెట్లు దిగి వెళ్లిపోయాయి.