ఆరేళ్ల పాఠకుల కోసం

వీరేశం కరీంనగర్‌లో ఒక తెలుగు దినపత్రిక డెస్కులో చాలా ఏళ్లు సబ్ ఎడిటర్‌గా పనిచేశాడు. జిల్లా పేజీకి హెడ్డింగులు పెట్టడంలో చెయ్యి తిరిగినవాడు. భార్య నాగమణి నర్సు. క్రైస్ట్‌చర్చ్‌లో ఒక ఆస్పత్రిలో ఆమెకు ఉద్యోగం రావడంతో, 2002లో రెండేళ్ల కూతురు స్పందనను ఎత్తుకుని ఇద్దరూ న్యూజిలాండ్ వచ్చేశారు.

నాగమణి వచ్చిన వారానికే డ్యూటీలో చేరింది. తనకు తెలిసిన పని ఇక్కడ ఎవరికీ అక్కర్లేదని వీరేశానికి తొందరగానే అర్థమైంది. ఆస్పత్రుల దుప్పట్లు ఉతికే లాండ్రీలో చేరాడు. పని కష్టమే అయినా మనుషులు మంచివాళ్లు. పక్క మెషీన్ దగ్గర సమోవా దీవుల నుంచి వచ్చిన ఆడవాళ్లు పాడుకుంటూ దుప్పట్లు మడతపెట్టేవాళ్లు. భోజనం వేళ టేబుల్ మీద పడి ఉన్న పేపర్ తీసి, అందులో హెడ్డింగులను మనసులోనే తిరగరాసుకునేవాడు వీరేశం. ఇంటికొచ్చాక మాత్రం మాటలు తగ్గిపోయాయి. అడిగినదానికి జవాబు, అంతే.

ఇది నాగమణి గమనిస్తూనే ఉంది. 2005 చివర్లో ఒకరోజు యూనివర్సిటీ కరపత్రం ఒకటి తెచ్చి అతని చేతిలో పెట్టింది. రచన నేర్పే రెండేళ్ల కోర్సు. వీరేశం నవ్వేశాడు.

"ఇరవై ఏండ్ల పిల్లల నడుమ కూసోవాల్నా? నా ఇంగ్లీష్ చూసి నవ్వుతరు."

"నవ్వనియ్. నువ్వు రాయకుంట ఇట్ల ఉంటె నేను చూడలేకపోతున్న."

లాండ్రీలో సగం షిఫ్టు అడిగి తీసుకుని, మరుసటి ఏడాది కోర్సులో చేరాడు.

మొదటి ఆరు నెలలూ నరకంగానే గడిచాయి. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేదేమో. అందరూ అతని రాతను మర్యాదగా చదివి, మర్యాదగా పక్కన పెట్టేవాళ్లు. పాఠం చెప్పే మెరియానా అక్కడి మూలవాసులైన మావోరీల ఆవిడ, మనిషి సూటి. అతని వ్యాసం ఒకటి తిరిగిస్తూ, ఇది మునిసిపాలిటీ నోటీసులా ఉంది, ఇందులో మాట్లాడుతున్నది ఎవరు అని అడిగింది. తప్పు ఎక్కడుందో వీరేశానికి తెలుసు. అతను నేర్చుకున్నది దరఖాస్తుల ఇంగ్లీషు. ఎప్పుడు కలం పట్టినా వాక్యం చేతులు కట్టుకుని నిలబడేది. మానేస్తానని ఇంట్లో చెప్పాడు. ఈ సెమిస్టర్ అయ్యేదాకా ఆగమంది నాగమణి.

ఆ సెమిస్టర్లోనే, అప్పుడప్పుడే చదవడం నేర్చుకుంటున్న ఆరేళ్ల పిల్లలకు ఒక కథ రాసుకురమ్మంది మెరియానా. పేజీకి ఒక్క వాక్యమే ఉండాలి. క్లాసులో కుర్రాళ్లంతా తల పట్టుకున్నారు. వీరేశానికి మాత్రం పాత డెస్కు గుర్తొచ్చింది. ఇరుకైన కాలమ్‌లో వార్తంతా పట్టించడం అతనికి కొత్త కాదు. ఒక మేకపిల్ల మీద చకచకా రాసేసి, స్పందనకు ఇచ్చాడు. ఆ పిల్లకు సరిగ్గా ఆరేళ్లే.

స్పందన తడుముకోకుండా చదివి, "నథింగ్ హ్యాపెన్స్, నాన్నా," అంది.

నిజమే. మాటలు తేలికగానే ఉన్నాయి, కథే లేదు.

రెండు రోజుల తర్వాత లాండ్రీలో, పిల్లల వార్డు దుప్పట్ల మధ్య నుంచి గుడ్డతో చేసిన పెంగ్విన్ బొమ్మ ఒకటి బయటపడింది. ఒక రెక్క ఊడి వేలాడుతోంది. దొరికిన వస్తువులు వేసే డబ్బా ఉంది, అందులో పడేయొచ్చు. వీరేశం కుట్టుమిషన్ మీద రెక్క కుట్టించి, షిఫ్టు అయ్యాక ఆస్పత్రికి పట్టుకెళ్లాడు. పిల్లల వార్డులో అడిగితే, ఆ బొమ్మ తాలూకు పిల్లాడిని వేరే వార్డుకు మార్చారన్నారు. వెతుక్కుంటూ పొరపాటున ముసలివాళ్ల వార్డులోకి వెళ్లాడు. ఒక తాత బొమ్మను చూసి, అది నాది కాదు గానీ కాసేపు ఇక్కడే ఉంచవయ్యా అన్నాడు. వీరేశం కూర్చున్నాడు. తాత పెంగ్విన్‌ను పొట్ట మీద పెట్టుకుని, ఇరవై నిమిషాల పాటు తన గొర్రెల మంద గురించి చెప్పాడు. ఆ తర్వాత పిల్లాడు దొరికాడు. నిద్రపోతున్నాడు. బొమ్మను పక్కన పెట్టి వచ్చేశాడు.

సాయంత్రం అన్నం తింటూ ఇదంతా తెలుగులో కూతురికి చెప్పాడు. స్పందనకు తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే. అతను ఆగినచోటల్లా "దెన్ వాట్?" అంటూ కంచం వదిలేసి దగ్గరికి జరిగింది. ఆ తాత ఒంటరిగా ఉన్నాడా, పెంగ్విన్ మళ్లీ ఆయన దగ్గరికి వెళ్లిందా అని అడిగింది. పిల్ల ఎక్కడ ప్రశ్న వేసిందో అక్కడల్లా ఒక పేజీ తిప్పాలని వీరేశానికి తట్టింది. కథ ఆ రాత్రే రాసేశాడు. దరఖాస్తుల ఇంగ్లీషు అందులోకి రానేలేదు.

క్లాసులో మెరియానా దాన్ని పైకి చదివింది. కథలో తాత దగ్గరికి వచ్చేసరికి వెనక బెంచీలో ఎవరో ముక్కు చీదుకున్నారు. బడిపిల్లలకు చిన్న పుస్తకాలు వేసే ప్రచురణ సంస్థ ఒకటి ఊళ్లోనే ఉంది, అక్కడికి పంపమంది. వాళ్లు సగానికి సగం తగ్గించమన్నారు. వీరేశం సంతోషంగా తగ్గించాడు. మరుసటి ఏడాది బొమ్మలతో పుస్తకం వచ్చింది. నాగమణి దాన్ని తన వార్డులో అందరికీ చూపించింది.

కోర్సు అయ్యాక తోటివాళ్లు తలో దారి పట్టారు. ఒకరు రేడియోకు, ఒకరు మ్యూజియంకు, ఇంకొకరు నగరపాలక సంస్థ వెబ్‌సైట్‌కు రాస్తున్నారు. నవలే రాస్తానన్న అమ్మాయి కేఫ్‌లో పనిచేస్తూ ఇంకా రాస్తోంది. వీరేశాన్ని ఆ ప్రచురణ సంస్థే వారానికి మూడు రోజులు సహాయ ఎడిటర్‌గా పెట్టుకుంది. మరో ఏడాదికి పూర్తి ఉద్యోగమైంది. లాండ్రీలో ఆఖరి రోజున సమోవా ఆడవాళ్లు అతనికి పూలదండ వేసి పాట పాడారు.

2009లో ఆక్లాండ్ నుంచి ఫోన్ వచ్చింది. అక్కడి హెండర్సన్ శివారులో ఉండే మధుసూదనరావు, తెలిసినవాళ్ల ద్వారా నంబర్ పట్టుకున్నాడు. కూతురు మనస్విని యూనివర్సిటీలో రచనే చదువుతానని పట్టుబట్టిందట. ఆయనకు కోపం లేదు, దిగులే.

"మీరు ఉన్నదున్నట్టు చెప్పండి. ఆ చదువుతో మా అమ్మాయి బతకగలదాండీ?"

వీరేశం ఉన్నమాటే చెప్పాడు. "గ్యారంటీ అయితె లేదన్నా. నాకు ఉద్యోగం దొరికేదాక లాండ్రీల చేసిన. ఒక్కటే పని పట్టుకుంటె దొరకకపోవచ్చు. రాసేటోళ్లు కావాల్సిన జాగాలు మాత్రం మస్తున్నయి. మనకు కనవడవు, అంతే. పిల్లను సెలవులల్ల మా ఆఫీసుకు పంపు. వారం కూసుంటది. నచ్చకుంటె ఆమెనే చెప్తది."

జూలై సెలవుల్లో మనస్విని వచ్చింది. వీరేశం ఇంట్లోనే దిగింది. మొదటి రోజు ఆఫీసులో బిడియంగా ఒక మూల కూర్చుంది. మూడో రోజు, వీరేశం దిద్దిన ఒక కథ తీసుకుని అతని టేబుల్ దగ్గరికి వచ్చింది.

"అంకుల్, ఈ వర్డ్ ఎందుకు తీసేశారు? చిన్నపిల్లలకి తెలీదనా? తెలుస్తుంది. నాకు తెలిసేది, ఆ ఏజ్‌లో."

వీరేశం వాదించాడు. ఆ పిల్ల వెనక్కి తగ్గలేదు. చివరికి కుర్చీ లాగి ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, తీసేసిన మాటను మళ్లీ రాశాడు.