భార్గవి చేతికి సరిపోయిన బ్రేకు

కోవిడ్ రావడానికి ముందు ఏడాది, ఎండాకాలంలో నన్ను శ్రీసిటీ సైకిళ్ల ఫ్యాక్టరీ నుంచి తిరుపతి సర్వీస్ సెంటర్‌కు మార్చారు. ఫ్యాక్టరీలో హెల్పర్‌గా చేరి, నలభై దాటాక అక్షరాలు నేర్చుకుని, బ్రేకుల విభాగంలో టెక్నీషియన్‌నయ్యాను. తిరుపతిలో సీనియర్ టెక్నీషియన్ హోదా ఇచ్చారు. కొండదారుల్లో తొక్కే డిస్క్ బ్రేకు సైకిళ్లన్నీ నా బల్ల మీదికే వచ్చేవి.

ఈ బ్రేకులో తీగ ఉండదు. లివర్ నొక్కితే సన్నటి గొట్టంలోని నూనె ప్యాడ్లను తోస్తుంది, అవి చక్రం మధ్యనున్న డిస్కును రెండు వైపులా పట్టుకుంటాయి. గొట్టంలోకి గాలి చేరితే లివర్ మెత్తబడుతుంది. ఆ గాలి తీసి నూనె నింపడాన్ని బ్లీడింగ్ అంటాం. అందుకే ఫ్యాక్టరీలో మాకు ఒకటే పరీక్ష: లివర్ కాస్త కదలగానే బ్రేకు గట్టిగా పట్టాలి. లివర్ అంతకన్నా లోపలికి వెళితే ఆ సైకిల్‌ను వెనక్కి పంపేవాళ్లం.

చిత్తూరు నుంచి డిగ్రీ చదివే భార్గవి అనే అమ్మాయి వాళ్ల నాయనతో వచ్చింది. కొండ దిగే పోటీకి సాధన చేస్తూ, మలుపులో ముందు చక్రం బిగుసుకుపోయి పడిందట. మోచేతి కట్టు అప్పుడే విప్పారు. సైకిల్ చూశాను. లోపమేమీ కనిపించలేదు.

“బ్రేకు బాగానే ఉండాదే పాపా,” అన్నాను.

“రాయి మాదిరి ఉండాదక్కా. వేలు అందేసరికే పట్టేస్తాది. మెల్లగా ఆపుదామంటే యాడ కుదురుతాది?”

వాళ్ల నాయన అందుకున్నాడు. “బ్రేకంటే పట్టకుండా చట్నీ మాదిరి ఉంటాదా మే? భయం నీకు, తప్పు దానిదా? ఇంగోసారి పడితే సైకిలు అమ్మేస్తా, అంతే.”

పోటీ దగ్గరపడింది. ఆ అమ్మాయి హ్యాండిల్ మాత్రం వదల్లేదు. అప్పుడు చూశాను ఆమె చేతిని. వేళ్లు పొట్టివి. లివర్ కొసను అందుకోవడానికి అరచేతిని పిడి మీద నుంచి జరపాల్సి వస్తోంది. పట్టు తప్పుతుందన్న కంగారులో ఒక్కసారిగా లాగుతోంది. ఆ బ్రేకేమో అందగానే మొత్తం పట్టేస్తోంది.

లివర్‌ను పిడి దగ్గరికి తెచ్చే స్క్రూ ఒకటి ఉంటుంది, ముందు దాన్ని తిప్పాను. ప్యాడ్లు డిస్కును తాకేలోపు లివర్ ఇంకాస్త కదిలేలా రెండో స్క్రూ సరిచేశాను. ఒక్క దెబ్బకు పట్టే ప్యాడ్లు తీసి, నెమ్మదిగా పట్టే రకం వేశాను. గట్టిగా నొక్కినా లివర్ పిడికి తగలడం లేదు. కాసేపు నొక్కి పట్టుకున్నాను, కుంగలేదు. అంటే గొట్టంలో గాలీ లేదు, నూనె కారడమూ లేదు. కానీ మా ఫ్యాక్టరీ పరీక్షలో ఈ బ్రేకు నిలవదు.

సెంటర్ వెనక వాలుగా మట్టిబాట ఉంది. మొదటిసారి భార్గవి కాళ్లు నేలకు రాస్తూ దిగింది. మళ్లీ ఎక్కి వచ్చి, ఈసారి పెడళ్ల మీద నిలబడి దిగింది. మలుపు దగ్గర చక్రం జారకుండా ఆగింది.

“అక్కా, ఇప్పుడు నా మాట వింటా ఉండాది!” అని కిందినుంచే అరిచింది.

వాళ్ల నాయన లివర్ నొక్కి మొహం చిట్లించాడు. “ఇదేం బ్రేకమ్మా, వేలు లోపలికి పోతా ఉండాది. నాకైతే పనికిరాదు.”

“తొక్కేది నువ్వా నేనా నాయనా?”

ఆయన వాలు వైపు ఒకసారి, కూతురి మోచేతి వైపు ఒకసారి చూసి నవ్వాడు. “సరేలే, అమ్మేది లేదు. పద,” అన్నాడు.

పోటీలో భార్గవికి బహుమతి రాలేదు. పడకుండా కిందికి దిగింది. తరువాత కూడా ఆ సైకిల్ సర్వీసుకు వస్తూనే ఉండేది.

నొక్కి పట్టుకున్న లివర్ కుంగుతూ పోతే అది లోపం. ఆలస్యంగా పట్టినా పట్టిన చోటే నిలిస్తే, అది తొక్కేవాళ్ల ఇష్టం. అన్నేళ్లూ ఈ రెండింటినీ నేను ఒకే గాటన కట్టాను. ఆ తరువాత రిటైరయ్యేదాకా, నా చేత్తో బ్రేకు నొక్కి చూసే ముందు సైకిల్ తొక్కేవాళ్ల చేత నొక్కించి చూసేదాన్ని.