పిడి తిప్పిన చెయ్యి

మొన్న ఆదివారం వీడియోకాల్లో మా చిన్న మనవరాలు ఒక మేకుకి రాగితీగ చుట్టి, బ్యాటరీ తగిలించి, గుండుసూదుల్ని గుత్తులు గుత్తులుగా పైకి లేపి చూపించింది. తీగని రెండోవైపు నుంచి చుడితే మేకు కొన ఉత్తరం కాస్తా దక్షిణమైపోతుంది, నీకు తెలుసా అమ్మమ్మా అంది. తెలుసమ్మా అన్నాను. ఎలా తెలుసని అడిగేలోపే పూణేలో మీ వైపు సిగ్నల్ పోయింది. పోవడమే మంచిదైంది, అది ఫోన్లో చెప్పగలిగే సంగతి కాదు. అందుకే రాస్తున్నాను. అక్కాచెల్లెళ్లిద్దరూ కలిసి చదువుకోండి, అర్థం కాకపోతే మీ అమ్మని అడగకండి, తనకీ తెలీదు.

నాకు పద్దెనిమిదేళ్లప్పుడు, కంచరపాలెంలో రైలు పట్టాల పక్కన మా మావయ్యకి, అంటే మా అమ్మ తమ్ముడికి, మోటార్లు రీవైండింగ్ చేసే షెడ్డుండేది. నాన్న పోయాక అమ్మ నన్ను ఊళ్లోంచి ఆయన దగ్గరికి పంపేసింది. కాలిపోయిన మోటారు విప్పి, పాత తీగ పీకేసి, కొత్త తీగని చెక్క అచ్చు మీద చుట్టలుగా చుట్టి, ఆ చుట్టల్ని ఇనప గాడుల్లో కూరి, చివరలు కలపడం అక్కడి పని. కరెంటు చుట్టలో ఏ వైపు నుంచి తిరుగుతుందో దాన్ని బట్టి అక్కడ ఉత్తరమో దక్షిణమో పుడుతుంది. నాలుగు చుట్టలుంటే ఉత్తరం, దక్షిణం, ఉత్తరం, దక్షిణం అని వరసగా రావాలి, ఒక్కటి తిరగబడినా మోటారు తిరగదు, కూర్చున్నచోటే మూలిగి మూలిగి మాడిపోతుంది. మావయ్య ఇదేదీ పుస్తకంలో చదవలేదు. పోర్టులో ఎవరో ఇచ్చిన చిన్న దిక్సూచి ఒకటుండేది, చుట్టలకి బ్యాటరీ పెట్టి దాన్ని ఒక్కో చుట్ట ముందు పట్టుకుంటే, ముల్లు చుట్టచుట్టకీ అటూ ఇటూ మొగ్గాలి. అదే మా పరీక్ష.

నాతో పాటు జాలరిపేట నుంచి ఒక పిల్ల పనికి వచ్చేది. నాకన్నా రెండేళ్లు చిన్నది, నన్ను వదినా అని పిలిచేది. ఇంట్లో అందరూ వలలు అల్లేవాళ్లే కాబట్టి ఆ వేళ్లకి తీగ చెప్పినట్టు వినేది, నేను ఒక చుట్ట చుట్టేసరికి తను రెండు చుట్టి పక్కన పెట్టేది. కాకపోతే ఎడమచేతి వాటం. ఎడమచేత్తో తిప్పితే తీగ అవతలి వైపు నుంచి చుట్టుకుంటుంది. నిజానికి చివరలు మార్చి కలిపితే సరిపోతుంది, కానీ మావయ్యకి అంత ఓపిక లేదు. నూలు టేపుతో ఆ పిల్ల ఎడమచేతిని బల్లకి కట్టేసి కుడిచేత్తో చుట్టించేవాడు.

"ఎడం సేత్తో సుడితే మోటారు ఎనక్కి తిరిగి సముద్రంలోకి ఎల్లిపోద్దే, మీ అయ్య పడవలాగ!" అనేవాడు.

"ఎల్తే ఎల్లనీ మేస్త్రీ, వొచ్చీటప్పుడు నాలుగు సేపలట్టుకొత్తాది," అనేది ఆ పిల్ల, చెయ్యి కట్టేసి ఉండగానే. అందరం నవ్వేవాళ్లం.

ఆ ఏడాది పని తగ్గింది. నెలాఖరు తర్వాత చుట్టలు చుట్టడానికి ఒక్కరే ఉంటారని మావయ్య చెప్పేశాడు. నేను మేనకోడల్నే గానీ పని దగ్గర ఆయనకి మేనకోడలూ లేదు, ఎవరూ లేరు. ఆ పిల్లనే ఉంచుతాడని నాకు తెలుసు. నేనింట్లో ఉండటం అత్తయ్యకి ఎలాగూ ఇష్టం లేదు. షెడ్డులో పని పోతే మళ్లీ ఊరే, మళ్లీ ఎవరి పొలంలోనో నడుం వంచడమే.

అప్పుడే ఐసు ఫ్యాక్టరీ వాళ్ల మోటారు వచ్చింది, సాయంత్రానికి కావాలన్నారు. మావయ్య వార్నీషు కోసం బయటికి వెళ్లాడు. మూడు చుట్టలయ్యేసరికి ఆ పిల్ల కుడి మణికట్టు పట్టేసింది, టేపు విప్పుకుని నాలుగోది ఎడమచేత్తో చుట్టేసింది.

"మేస్త్రికి సెప్పకే వదినా. కుడిసెయ్యి ఒంకర్లు పోతంది."

"సెప్పన్లే," అన్నాను.

చివరలు కలిపే పని నాది. ఆ నాలుగో చుట్ట చివరలు మార్చి కలపడం రెండు నిమిషాల పని. మార్చలేదు. బ్యాటరీ పెట్టి దిక్సూచి పట్టుకున్నాను. మూడు చుట్టల దాకా ముల్లు అటూ ఇటూ మొగ్గింది, నాలుగో దాని దగ్గర తిరక్కుండా మూడోదానికి ఎటుందో అటే ఉండిపోయింది. మావయ్య వచ్చి, "ముల్లు తిరిగిందేటే?" అనడిగాడు. తిరిగిందన్నాను.

ఫ్యాక్టరీ వాళ్ల ముందే మోటారు మూలిగింది, పొగ కక్కింది, కొత్త తీగంతా నల్లబడిపోయింది. వాళ్లు తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. వాళ్లు వెళ్లాక మావయ్య విప్పి చూసి, నాలుగో చుట్ట ఏ చేతిదో పట్టేశాడు. నేను చూసినప్పుడు ముల్లు తిరిగిందన్నాను కాబట్టి, తర్వాత ఆ పిల్లే ఆ చుట్ట తీసి ఎడమచేత్తో మళ్లీ చుట్టిందనుకున్నాడు. నేను కాదనలేదు.

తీగల మీద పూత బాగుందో లేదో చూసే పెట్టె ఒకటుండేది. దాని పిడి తిప్పితే లోపల అయస్కాంతం మధ్య చుట్ట తిరిగి కరెంటు పుడుతుంది, ఎంత వేగంగా తిప్పితే అంత గట్టిగా. ప్రాణం తియ్యదు గానీ ఎముకల్లోంచి పట్టి గుంజుతుంది.

"ఆ ఎడం సెయ్యి ఇలాగెట్టు," అని మావయ్య దాని రెండు తీగలూ ఆ పిల్ల వేళ్లకి బిగించి, మోచెయ్యి బల్లకేసి అదిమి పట్టుకున్నాడు. "తిప్పవే," అన్నాడు నాతో.

మెల్లగా తిప్పి ఉండొచ్చు. ఆయన కళ్లు ఆ చేతి మీదే ఉన్నాయి, నా మీద లేవు. నేను గబగబా తిప్పాను. ఆ పిల్ల మళ్లీ షెడ్డు గుమ్మం తొక్కకూడదని తిప్పాను. మొదట పళ్లు బిగబట్టింది, తర్వాత అమ్మోయని అరిచింది, ఆ తర్వాత అరుపు కూడా రాలేదు. మావయ్యే చాలన్నాడు.

మర్నాడు తను రాలేదు. పదకొండేళ్లు ఆ బల్ల దగ్గర నేనే కూర్చున్నాను. మీ అమ్మ చదువుకి పునాది పడింది అక్కడే.

చాలా ఏళ్ల తర్వాత, చిన్నపిల్లగా ఉన్న మీ అమ్మ చెయ్యి పట్టుకుని దువ్వాడ స్టేషన్ బయట నడుస్తుంటే, చేపల గంపల దగ్గర నుంచి "వదినా!" అని ఎవరో కేకేశారు. తనే. కుడిచేత్తో చేప కోస్తోంది. ఎడమచెయ్యి చేపని పట్టుకోకుండా ఒళ్లోనే పడి ఉంది. నేను వద్దంటున్నా వినకుండా రెండు చేపలు నా సంచిలో వేసింది.

"పిల్లకి పులుసెట్టు. ఆయాల నువ్వు మెల్లగా తిప్పేవు గాబట్టి సరిపోయింది వదినా. మేస్త్రే తిప్పుంటే సచ్చిపోదును. నాను మరిసిపోన్లే."

రైలుకి టైమవుతోందన్నాను. మెల్లగా తిప్పలేదని అప్పుడూ చెప్పలేదు, తర్వాతెప్పుడూ చెప్పలేదు.

ఇప్పుడు ఆ షెడ్డు లేదు. చుట్టలు మెషీన్లే చుడుతున్నాయట, మోటారు కాలితే కొత్తది కొనుక్కుంటున్నారు. ఎడమచేత్తో రాసే పిల్లల చెయ్యి కట్టేసేవాళ్లూ లేరు, మంచిదే. ఆ పెట్టెలకి కూడా పిడి ఉండదట, మీట నొక్కితే అంకె కనిపిస్తుందట, ఎవరు నొక్కినా ఒకటేనట. మా రోజుల్లో మాత్రం పిడి ఉండేది. మెల్లగా తిప్పడానికి వీలుండేది.