చోలెంగ్ కట్టిన తాడు

ఇలోయిలో ఊళ్లోని ఆ సందులో ఐస్ కావాలంటే చోలెంగ్ కిటికీ దగ్గరికే రావాలి. తెల్లవారగానే ఆమె నీళ్లు నింపిన ప్లాస్టిక్ సంచులకు పళ్లతో ముడి బిగించి, ఫ్రీజరులో వెనక గోడ దాకా కుక్కుతుంది. పైన ఐస్ రాయిలా గడ్డకడుతుంది, కింది అరల్లో చేపల పులుసు మాత్రం మధ్యాహ్నానికే పాచిపోతుంది. తప్పు కోడలిదేనని ఆమె ఎప్పుడో తేల్చేసింది. "అస్తమానం తలుపు తీస్తుంటే చల్లదనం ఎలా నిలుస్తుందే? మీ పుట్టింట్లో ఫ్రిజ్ ఉంటేగా తెలియడానికి," అంటూ కింది తలుపు తెరుచుకోకుండా పడవ తాడు చుట్టి, ముడి మీద ముడి వేసింది.

కోడలు మరికార్, అత్త చర్చికి వెళ్లాక ఫ్రీజరు తెరిచి సంచులు ముందుకు లాగింది. చల్లగాలి కిందికి దిగే కన్నం వాటి వెనక మూసుకుపోయి ఉంది. సంచులు మళ్లీ దానికి ఆనకుండా ఒక చెక్కముక్క అడ్డం పెట్టింది. తాడు జోలికి పోలేదు.

మర్నాడు చోలెంగ్ ముడులు విప్పి కింది అరలో చెయ్యి పెట్టింది. పాలు చల్లగా తగిలాయి. వీధంతా వినేలా అంది: "చూశారా, తాడు కట్టాకే దారికొచ్చింది. దీని చేతులకూ ఒకటి కట్టాలి."

మరికార్ ఆ చెక్కముక్కను తీసి పొయ్యిలో పెట్టి, ఆ మంట మీదే అత్తకు కాఫీ కాచి ఇచ్చింది.