బూడిద రంగు రెండో జత

కరీంనగర్‌లో ఆటసామాన్ల దుకాణానికి పోయినప్పుడల్లా నాకు చిరాకు పుడుతుంది. గోడ నిండా విదేశీ ఫుట్‌బాల్ క్లబ్బుల జెర్సీలే. ఒక్కో క్లబ్బుకు మూడేసి రంగులు: సొంత ఊళ్లో ఆడితే ఒకటి, పరాయి ఊళ్లో ఆడితే ఒకటి, ఆ రెండూ కుదరకపోతే ఇంకొకటి. పెండ్లికొడుక్కు కూడా అన్ని జతలు కుట్టించరు. నేను సుల్తానాబాద్‌లో ఒక బడిలో పీఈటీ సారును. మా పిల్లలకు ఆ క్లబ్బుల ఊళ్లు పటంలో చూపించడం రాదు గానీ, మూడో జెర్సీ ఈసారి గులాబీ రంగులో వచ్చిందంటే మాత్రం ఒక పూట అన్నం సహించదు. "గిది మన రంగు కాదు సార్. గీ అంగీలల్ల మనోళ్లు మనోళ్ల లెక్క లేరు" అంటారు.

రెండో జత ఎందుకో చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదు. రెండు జట్లదీ ఒకే రంగయితే బంతి ఎవరికివ్వాలో ఆడేవాడికి తెలియదు, తప్పెవరిదో రిఫరీకి తెలియదు. అందుకని ఎవరో ఒకరు మారాలి. ఇప్పుడైతే అమ్ముకోవడానికి కూడా మారుస్తున్నారు, అది వేరే సంగతి. చూసేవాళ్లకు ఎందుకంత కోపమొస్తుందో మాత్రం నేను పిల్లలకు ఇంతవరకు చెప్పలేదు. మైదానం గట్టు మీద కూర్చున్నవాడు మొహం చూసి అరవడు. అంత దూరం నుంచి మొహాలేం కనిపిస్తాయి? రంగు చూసి అరుస్తాడు. రంగు మార్చేస్తే వాడి మనుషులు వాడి కళ్లముందే మాయమైపోతారు. ఇది నేను ఒక డిసెంబరు పొద్దున చూశాను. మాయమైంది నేనే.

అప్పుడు నాకు పందొమ్మిదేళ్లు. మాది లక్సెట్టిపేట. మిషన్ కాంపౌండ్‌లోని మా వయసువాళ్లమంతా కలిసి ఒక జట్టు కట్టుకున్నాం. మా రంగు ఎరుపు, నా నంబరు ఏడు. జట్టు మంచిచెడులు చూసేది మా చర్చి పెద్దమనిషి ఒకాయన. రెండో జత లేకుంటే టోర్నమెంటులోకి రానివ్వమన్నారని ఆయన కరీంనగర్ పోయి బూడిద రంగువి తెచ్చాడు. గీ రంగేందని మేం మొహాలు మాడ్చుకుంటే, "మాసినా కనవడదు" అన్నాడు. ఆయన ముందుచూపుకు దండం పెట్టాలి. రెండేళ్లు అవి పెట్టెలోనే ఉన్నాయి. అవసరం పడలేదు.

మా బాపు ట్రాలీ ఆటో నడిపేవాడు. పత్తి సీజన్లో జమ్మికుంట మార్కెట్‌కు బస్తాలు, మిగతా రోజుల్లో ఏది దొరికితే అది. మాకు ఆట ఉన్న రోజున మాత్రం వెనక పదకొండు మందిమి మేమే. నా ఆట ఒక్కటి కూడా ఆయన వదిలిపెట్టలేదు. ఇంట్లో నాలుగు మాటలు మాట్లాడితే ఎక్కువ, గట్టు మీద మాత్రం మైకు అక్కర్లేని గొంతు. ఇంట్లో చిన్నవాణ్ని కాబట్టి నేను చిన్నోణ్ని. "చిన్నోడా, కొట్టు!" అని బాపు అరిస్తే ఎదుటి జట్టువాడు కూడా ఒకసారి వెనక్కి చూసేవాడు.

ఆ రోజు ఆట మంచిర్యాల అవతల, బొగ్గుగనుల ఊళ్లో. దారంతా మంచు. బొగ్గు లారీలు పక్కకు వచ్చేదాకా లైట్లు కూడా కనిపించలేదు. మేం వెనక పాటలు పాడుకుంటూ పోయాం. బాపు మమ్మల్ని దింపి, బండి రోడ్డు పక్కన పెట్టి, చాయ్ తాగడానికి పోయాడు. అక్కడి జట్టుదీ ఎరుపే. టాస్ వేస్తే మేం ఓడిపోయాం. పెట్టె తెరిచి బూడిద అంగీలు తొడుక్కున్నాం. నాఫ్తలీన్ వాసనకు ముక్కులు మూసుకుపోయాయి. బాపు తిరిగి వచ్చేసరికి ఆట మొదలైంది. మేం రంగు మార్చామని ఆయనకు ఎవరూ చెప్పలేదు. చూసేవాడికి చెప్పేదేముంది?

ఆ మంచులో, ఆ బొగ్గు దుమ్ములో, ఆ రంగుతో ఆడడం ఎట్లుంటుందో ఆడినవాడికే తెలుసు. మావాడు పది అడుగులు జరిగితే చాలు, తల ఉంది, కాళ్లున్నాయి, నడుమ ఏమీ లేదు. బంతి తన్ని, ఎవరికి తన్నానా అని నేనే వెతుక్కున్నాను. మా వెంట బండ్ల మీద వచ్చిన ఇరవై మంది గట్టు మీద నోరు మెదపకుండా కూర్చున్నారు. ఎవరిదో ఊరి ఆట చూస్తున్నట్టుంది వాళ్ల వాలకం.

ఆ నిశ్శబ్దంలో బాపు గొంతు లేచింది. "చిన్నోడా! ఉరుకు, ఉరుకు!"

నేను ఉన్నచోటే నిలబడి ఉన్నాను. బంతి నా దరిదాపుల్లో లేదు. వాళ్ల ఎర్రంగీ ఏడో నంబరు దాన్ని తీసుకుని మా గోలు వైపు పోతున్నాడు. "గట్లనే బిడ్డా! లోపటికి గొట్టు!" అని బాపు అరుస్తున్నాడు. పక్కవాళ్లు నవ్వారు. కొడుకు సరిగా ఆడడం లేదని ఎత్తిపొడుస్తున్నాడని వాళ్లు అనుకున్నారు. నేనూ అదే అనుకున్నాను, ఒళ్లు మండింది. వాడు గోలు కొట్టాడు. బాపు తువ్వాల తీసి గాలిలో తిప్పాడు. ఆయన మొహంలో ఎత్తిపొడుపు లేదు. నేను గోలు కొట్టిన రోజు ఎట్లా వెలిగేదో అట్లాగే వెలుగుతున్నది. కాకి పిల్ల కాకికి ముద్దంటారు, మా కాకి పక్క గూటి పిల్లను ముద్దు చేస్తున్నది.  నేను ఊపిరితోనే ఉన్నానా అని చేతులు చూసుకున్నాను.

సగం ఆట అయ్యాక నేను నేరుగా పోయి బాపు ఎదుట నిలబడ్డాను. మూడడుగుల దూరం. కోపంతోనే పోయాను గానీ నోరు తెరవలేదు. ఆయన నా మొహంలోకే చూశాడు. చూసి, మెడ కొంచెం పక్కకు వంచి, మైదానం అవతల నీళ్లు తాగుతున్న ఎర్రంగీల వైపు చెయ్యి చూపించాడు.

"జర జరుగు బిడ్డా. మా చిన్నోడు కనవడ్తలేడు."

జరిగాను. ఇంకేం చేయను? కాళ్లు వాటంతటవే జరిగాయి. సొంత తండ్రి అట్లా మర్యాదగా, పరాయివాడితో మాట్లాడినట్టు మాట్లాడితే ఎంత భయమేస్తుందో నాకు అప్పుడు తెలిసింది. ఇంట్లో ఎవరైనా అడుగుపెడితే మాట వినేదాకా బాపు పలకరించకపోవడం, ప్రతి క్రిస్మస్‌కు నాకు ఎర్రటివి, నారింజ రంగువి, కళ్లు చెదిరే అంగీలు తేవడం, ఆయనకు రంగుల టేస్టు లేదని అవ్వా నేనూ నవ్వుకోవడం, అన్నీ ఒక్కసారే మీద పడ్డాయి. షుగరు వల్ల కంటి లోపలి పొర నడుమ పాడైందని కరీంనగర్ కంటి డాక్టరు ఆ తర్వాత చెప్పాడు. అంచులు బాగున్నాయట. అందుకే దారి అంచు తెలుస్తుంది, కొట్టొచ్చే రంగు తెలుస్తుంది. ఎదురుగా ఉన్నది మాత్రం తెలియదు. డాక్టరు చెప్పేదాకా ఆగే పని లేకపోయింది నాకు.

రెండో సగంలో ఏం ఆడానో గుర్తు లేదు. రెండు గోల్స్ తేడాతో ఓడిపోయాం. చలికి మిగతావాళ్లంతా బూడిద అంగీల మీద స్వెటర్లు తొడుక్కుని ట్రాలీ ఎక్కారు. బాపు హుషారుగా వచ్చి స్టీరింగు ముందు కూర్చున్నాడు.

"గెలిచినం గదరా, సప్పుడు లేదేంది?"

"మజాక్ చాలు మామా" అన్నాడు వెనక నుంచి మావాడొకడు. "గెలిచింది ఎర్రంగీలోళ్లు. మనం బూడిదవి తొడిగినం గదా."

 బాపు చేతులు స్టీరింగు మీద అట్లాగే ఉన్నాయి. "ఎక్కుండ్రి" అన్నాడు, అందరూ ఎక్కేశాక.

నేను ఎక్కలేదు. పదిమంది ముందు చెబితే ఆయన బండి నడపడం ఆ నిమిషంతో ఆఖరు. బాపు అంటే ఆ బండి, ఆ బండి అంటే బాపు. చెప్పకపోతే వెనక పదిమంది, ముందు మంచు, లారీలు.  స్వెటర్ తొడుక్కోకుండా, ఆ బూడిద అంగీతోనే పోయి బండికి ఎదురుగా నిలబడ్డాను. ఆయన చూస్తే ఏం చెప్పక్కర్లేదు. చూడాలనే కోరుకున్నాను, యేసయ్య సాక్షిగా.

అద్దంలోంచి ఆయన మొహం స్పష్టంగా కనిపిస్తున్నది. కళ్లు నా మీదే ఉన్నాయి.

"అందరెక్కిండ్రా?"

"ఎక్కినం మామా" అన్నారు వెనక, ఎవరూ లెక్కపెట్టకుండానే.

బండి కదిలింది. నా మీదికే వచ్చింది. నేను రెండు చేతులతో అద్దం కింది రేకు మీద గట్టిగా కొట్టాను. బ్రేకు పడింది. వెనక ఒకరిమీద ఒకరు పడి తిట్టుకున్నారు. బాపు దిగి, రేకును పట్టుకుంటూ ముందుకు వచ్చాడు.

"ఎవరు?"

"నేనే బాపూ."

చెయ్యి చాపాడు. భుజం దొరికింది. అక్కడి నుంచి మెడ, చెంప తడిమాడు.  వేళ్లు పై పెదవి మీదికి వచ్చి ఆగిపోయాయి. అటూ ఇటూ రెండుసార్లు కదిలాయి.

"మీసాలొచ్చినయారా నీకు?" అన్నాడు.

"రెండేండ్లయింది బాపూ."

తల ఊపాడు. వెనక్కి తడుముకుంటూ పోయి, ఇంజను ఆపి, తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టాడు.